పాత చిత్రాలు - కొత్త కన్నులు

గడచిన కాలమే మేలనే మాట మన భాషలో నిన్న మొన్న పుట్టినది కాదు. ఆదికవి నన్నయభట్టారకుడు ఆ మాటను వ్యాసమహర్షి నోట పలికించి, దాదాపు వేయేండ్ల క్రిందటనే తెలుగువారి నాలుక మీద నిలిపినాడు. పద్యమంతా మరచినవారికి కూడా ఆ ఒక్క పాదము గుర్తున్నది. గృహిణులు ధరలను గురించి ఆ మాట అంటారు. రైతులు వానలను గురించి అంటారు. ఉపాధ్యాయులు చదువులను గురించి అంటారు. చలనచిత్రాభిమానులు మాత్రము దానిని జపమాలవలె త్రిప్పుతూనే ఉంటారు. ఆ రోజుల చిత్రాలే చిత్రాలని ఒకసారి అన్న తరువాత వారికి వేరే ప్రమాణము అక్కరలేదు. ఈ వ్యాసకర్త కూడా ఆ జపము చేసేవారిలో ఒకడు.

అయితే నన్నయగారి మాటకు సందర్భమొకటి ఉన్నది. పాండురాజు మరణించిన పిమ్మట, రానున్నది కష్టకాలమని చెప్పి, తల్లి సత్యవతిని తపోవనానికి పొమ్మని వ్యాసుడు హితవు పలికినప్పటి మాట అది. ఆమె కోడండ్రను వెంటబెట్టుకొని వనానికి పోయినది. అనగా అది లోకవ్యవహారము నుండి సెలవు పుచ్చుకొనేవారికి చెప్పిన మాట. రేపు ఉదయము గంట కొట్టగానే నలభైమంది పిల్లల ముందు నిలువవలసిన ఉపాధ్యాయునికి ఆ మాట చాలదు. వనానికి పోయేవారికి పనికివచ్చే మాట బడికి పోయేవారికి పనికిరాదు. కనుక పాత చిత్రాల మీద, పాత దూరదర్శన్ కార్యక్రమాల మీద మనకున్న మక్కువలో నిజమెంత, అలవాటెంత, పిల్లలకు అందించదగినదెంత అన్నది కొంచెము నిదానముగా విచారించవలసి ఉన్నది.

డేరాలో రెండవ వాచకము

పల్లెటూరి ప్రేక్షకునికి ఒకప్పుడు సినిమా అనగా ముందు ఎదురుచూపు, ఆ తరువాతనే తెర. పట్టణములో విడుదలైన చిత్రము టూరింగు టాకీసుకు చేరేసరికి నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు గడచేవి. ముందుగా బండి వచ్చేది. దానికి రెండు ప్రక్కలా గోడపత్రికలు, లోపల ఒక వాద్యము, కరపత్రాలు వెదజల్లే మనిషి. ఆ కాగితము కోసము బండి వెనుక పరుగెత్తని పిల్లవాడు ఊరిలో ఉండేవాడు కాడు. సాయంకాలము డేరా మీది లౌడ్‌స్పీకరులో ఘంటసాలవారి భక్తిగీతము మొదలు కాగానే ఇంటింటా వంట త్వరపడేది. ఆ పాట ముగిసినదంటే టికెట్లు ఇవ్వడము ఆరంభమైనదని అర్థము.

నేల తరగతిలో ముందున్నవాని తల అడ్డము వస్తే ఇసుకను కుప్పచేసి దాని మీద ఎక్కి కూర్చోవడమే ఉపాయము. చాలా డేరాలలో ఒకే యంత్రము. వేయి అడుగుల చుట్ట తెర మీద నడిచేది సుమారు పదకొండు నిమిషాలు. మూడు గంటల చిత్రమంటే పదహారు వేల అడుగులు దాటిన ఫిల్ము. యంత్రము ఒక్కటే గనుక చుట్ట అయిపోయినప్పుడల్లా ఆట నిలిచేది, దీపాలు వెలిగేవి. ఆ కొద్ది నిమిషాలలో ప్రేక్షకులు ఊరికే కూర్చొనేవారు కారు. జరిగిన కథను ఆలస్యముగా వచ్చినవారికి చెప్పేవారు. జరుగబోయే కథను ఊహించేవారు. ఒకరి ఊహతో మరొకరు వాదించేవారు. ఈనాడు తరగతిలో పఠనావగాహన అనే పేరుతో మనము చేయించే అభ్యాసము సరిగా అదే. అక్కడ దానిని ఎవరూ నేర్పలేదు. చుట్ట మార్చవలసి వచ్చిన యంత్రమే నేర్పినది.

పాటల పుస్తకము సంగతి మరొకటి. చిల్లర డబ్బులకు దొరికే ఆ నాలుగు పుటల పొత్తములో కథాసంగ్రహము, పాటల సాహిత్యము ఉండేవి. కథ సరిగా చిక్కు బిగిసిన చోట ఆగిపోయి, తరువాయి వెండితెర మీద చూడవలసినదని మర్యాదగా సెలవు పుచ్చుకొనేది. బడి పుస్తకము తప్ప మరొక అచ్చుకాగితము లేని ఇండ్లలో ఆ పొత్తములు ఉండేవి. అక్షరాలు కూడబలుకుకొనే తల్లులు వాటిని చదివి పాడుకొనేవారు.

చూచినది చెవిలో నిలవడానికి రేడియో తోడైనది. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948లోను, వివిధభారతి 1957లోను ప్రారంభమైనవి. సముద్రము ఆవల నుండి సిలోన్ రేడియో కూడా తెలుగు పాటలు వినిపించేది. చిత్రము ఊరు విడిచి పోయిన తరువాత కూడా దాని పాటలు గాలిలో మిగిలేవి. ఒక చిత్రమును కన్నులతో చూచినది ఒక్కసారి అయితే, చెవులతో చూచినది నూరుసార్లు. మన పాత చిత్రాలలో మాటకు అంత విలువ రావడానికి ఇది ఒక ముఖ్యకారణము.

ఆ మాటలను వ్రాసినవారెవరు? 1938లో గూడవల్లి రామబ్రహ్మము తీసిన ‘మాలపిల్ల’ కథ చలముది, సంభాషణలు తాపీ ధర్మారావుగారివి. 1951లో బి.ఎన్. రెడ్డిగారి ‘మల్లీశ్వరి’తో దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు చిత్రసీమలో అడుగుపెట్టినారు. అదే సంవత్సరము వచ్చిన ‘పాతాళభైరవి’కి మాటలు, పాటలు వ్రాసినవారు పింగళి నాగేంద్రరావుగారు. తరువాత శ్రీశ్రీ, ఆరుద్ర, ఆత్రేయ, దాశరథి వచ్చినారు. 1962లో ‘గులేబకావళి కథ’కు పాటలన్నీ సి. నారాయణరెడ్డిగారే వ్రాసినారు. ఉన్నత పాఠశాలకు చేరకముందే, చేరే స్థోమత లేకపోయినా, పల్లెటూరి బాలుడు ఇందరు కవుల పలుకుబడిని నేల మీద కూర్చుండి విన్నాడు. అందుకే డేరా ఆనాడు తెలుగు జాతికి రెండవ వాచకమైనది.

మాటను పుట్టించినవారు

మక్కువను కేవలము మక్కువగా విడిచిపెట్టక, దానికి కారణము చూపవలెనంటే ‘మాయాబజార్’ను మించిన ఉదాహరణము లేదు. 1957 మార్చి 27న విడుదలైన ఆ చిత్రానికి దర్శకుడు కె.వి. రెడ్డి, రచయిత పింగళి. అందులోని శశిరేఖాపరిణయ గాథ వ్యాసభారతములో లేదు. అది జనుల నోళ్ళలో పెరిగిన కథ. ఆ చిత్రములో విచిత్రమైన సంగతి మరొకటి ఉన్నది. పాండవుల ఇంటి పెండ్లి, పాండవుల ఇంటి అవమానము, పాండవుల పక్షపు విజయము, అన్నీ ఉన్నవి; పంచపాండవులలో ఒక్కరైనా తెర మీదకు రారు. మూడు గంటలపాటు కథను వినేవానికి ఆ లోటు తోచదు. లేనివారిని ఉన్నట్లు చూపడము కథనశిల్పములో ఎంతటి నేర్పో విద్యార్థులకు చెప్పడానికి దీనికంటె సులభమైన పాఠము దొరకదు.

ఘటోత్కచుని పరివారము పలికే ‘అసమదీయులు’, ‘తసమదీయులు’ అనే మాటలను చూడండి. అస్మదీయ మన్నది సరియైన సంస్కృతపదము. సంయుక్తాక్షరము పలుకలేని నోటికి అది అసమదీయమైనది. దానికి జోడుగా శత్రువులకు తసమదీయులనే పేరు పుట్టినది. వ్యాకరణము దృష్టిలో అది అపభ్రంశము. కాని వినగానే అర్థమవుతుంది, మరచిపోవడము అసాధ్యము. నిఘంటువులో లేని ఆ మాటలు ఈనాటికీ వార్తాపత్రికల శీర్షికలలోను, శాసనసభా ప్రసంగాలలోను తిరుగుతున్నవి. భాష అనేది పెద్దలు దాచిపెట్టిన సొత్తు మాత్రమే కాక, ధైర్యమున్నవాడు కలుపుకొంటూ పోయే సొత్తు కూడా అని పింగళివారు నవ్విస్తూ చెప్పినారు. ఇరువదవ శతాబ్దిలో వ్యావహారికభాషను గురించి జరిగిన వాదోపవాదాలన్నింటిని చదివినా కలుగని నమ్మకము, ఆ రాక్షసబాలుర మాట విన్నప్పుడు కలుగుతుంది.

1955లో ఎల్.వి. ప్రసాద్‌గారు తీసిన ‘మిస్సమ్మ’ను ఉపాధ్యాయులు తప్పక చూడవలెను. అది వారి కథ. భార్యాభర్తలైన ఇద్దరు ఉపాధ్యాయులే కావలెనని ఒక జమీందారు ప్రకటిస్తే, ఉద్యోగము లేని ఒక యువకుడు, ఒక యువతి దంపతులుగా నటిస్తూ ఆ బడిలో చేరుతారు. అతడు హిందువు, ఆమె క్రైస్తవురాలు. నిరుద్యోగము, మతభేదము, చదువుకొన్న స్త్రీ ఆత్మాభిమానము అనే మూడు బరువైన విషయాలను ఆ చిత్రము వెన్నెలలో నడిపించినట్లు నడిపించినది. ఆ వెన్నెలను నలుపు తెలుపులలో తెర మీద కురిపించినవాడు మార్కస్ బార్ట్‌లే. ప్రసంగము లేదు, ధర్మోపదేశము లేదు. అయినా చూచినవానికి ఆలోచన మిగిలినది.

బియ్యము, నూకలు

ఇంతవరకు చెప్పినదంతా అభిమాని పక్షపు వాదము. ఎదుటిపక్షపు వాదము కూడా వినకపోతే న్యాయము కాదు.

ఆ రోజులలో మంచి చిత్రాలు వచ్చినవన్నది నిజము. వచ్చినవన్నీ మంచివే అన్నది నిజము కాదు. ఒక ‘మల్లీశ్వరి’ వచ్చిన కాలములోనే నాటకాన్ని కెమెరా ముందు నిలిపి తీసిన చిత్రాలు, హిందీ బాణీలను తెచ్చి తెలుగు మాటలు తగిలించిన చిత్రాలు, కన్నీటిని కొలతవేసి పోసిన చిత్రాలు వచ్చినవి. వాటి పేర్లు మనకు గుర్తులేవు. కాలము జల్లెడవంటిది. నూకలు రాలిపోయినవి, బియ్యము మిగిలినది. ఇప్పుడు మనము ఆనాటి మేలిరకపు బియ్యమును చేతబట్టుకొని, ఈనాటి బస్తాలోని నూకలతో పోల్చి తీర్పు చెబుతున్నాము. ఈనాటి చిత్రాలకు జల్లెడ పట్టే పని ఇంకా జరుగలేదు.

మేలిరకములో కూడా రాళ్ళున్నవి. 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’ ఈనాటికీ ఇంటిల్లిపాదినీ నవ్విస్తుంది. సూర్యకాంతముగారు గయ్యాళి పాత్రలకు ఎంత జీవము పోసినారంటే, ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడమే మానివేసినారన్న మాట ప్రచారములో ఉన్నది. కాని ఆ కథలోనే, అభిమానవతి అయిన యువతి గర్వమును భర్త అణచి దారికి తెచ్చే భాగమొకటి ఉన్నది. నాటి ప్రేక్షకులు దానిని హాస్యముగానే స్వీకరించినారు. ఈనాడు ఎనిమిదవ తరగతి బాలిక దానిని చూచి, ఆమె గర్వము మాత్రమే ఎందుకు అణగవలెనని అడిగితే, ఆ ప్రశ్న చిత్రానికి అవమానము కాదు. నత్తివానిని, నల్లనివానిని, లావుపాటి మనిషిని చూపి నవ్వించడము కూడా ఆనాటి హాస్యములో పరిపాటి. పాతదైనంత మాత్రాన అది సంస్కారము కాజాలదు.

కాబట్టి అభిమాని చేయవలసిన మొదటి పని, తాను ప్రేమించిన చిత్రాన్ని మరల చూడడము. జ్ఞాపకములో చిత్రము ఎప్పుడూ నిడివి తగ్గి ఉంటుంది. విసుగు పుట్టించిన భాగాలను జ్ఞాపకమే కత్తిరించివేస్తుంది. మరల చూచినప్పుడు కొన్ని చిత్రాలు చిన్నవవుతవి. మరికొన్ని, చిన్ననాడు పట్టని సంగతులను పట్టి ఇచ్చి, ఇంకా పెద్దవవుతవి. ఈ రెండవ రకమునే పిల్లలకు చూపవలెను.

వీధికొక పెట్టె

దూరదర్శన్ కథ మరొక విధమైనది. ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న ప్రయోగముగా మొదలైన ప్రసారము తెలుగు పల్లెలకు చేరిన దారి ఆశ్చర్యకరమైనది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికా నుండి ఎరువు తెచ్చుకొన్న ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలను పంపినారు. నాటి ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము గ్రామస్థులకు కార్యక్రమాలు. నగరములో సంపన్నుల ఇండ్లకు ఆ పెట్టె రాకముందే, కొన్ని పల్లెటూళ్ళ బడిపిల్లలు దాని ముందు కూర్చున్నారు. హైదరాబాదు కేంద్రము 1977లో ప్రారంభమైనది. 1982లో రంగులు వచ్చినవి. తరువాత కొద్ది సంవత్సరాలలో చిన్న పట్టణాలకు కూడా ప్రసారిణులు వచ్చి, మిద్దెల మీద చేపముల్లువంటి ఆంటెన్నాలు మొలిచినవి.

ఆ పెట్టె వీధికి ఒకటి ఉండేది. ‘చిత్రలహరి’లోని నాలుగు పాటల కోసము, వారానికి ఒక్కటిగా వచ్చే తెలుగు చిత్రము కోసము, ఇరుగుపొరుగువారు చాపలు తెచ్చుకొని ఆ ఇంటి వసారాలో కూర్చొనేవారు. అంతరాయానికి చింతిస్తున్నామన్న పలక తెర మీద నిలిస్తే, అది కూడా కార్యక్రమములో ఒక భాగమే అయినట్లు ఓపికగా చూచేవారు. 1987 జనవరి 25న రామానందసాగర్ ‘రామాయణ్’ మొదలైనది. హిందీ తెలియని మన ముసలివారు ఆదివారము ఉదయము దానిని తప్పక చూచినారు. కథ తెలిసినవారికి భాష అడ్డము రాలేదు. 1963 నాటి ‘లవకుశ’లోని రామారావుగారిని ఈ రామునితో పోల్చి ముచ్చటించుకొన్నారు. తెలుగులో ‘ఆనందోబ్రహ్మ’, ‘ఋతురాగాలు’ వంటి ధారావాహికలకు ఇంటింటా అభిమానులు ఏర్పడినారు.

ఆ కార్యక్రమాలన్నీ గొప్పవా? కావు. ఒకే వంటశాల, ఒకే వంటకము. రుచించినా రుచించకపోయినా మరొక విస్తరి లేదు. ప్రభుత్వము వినిపించదలచినదే వినిపించేది. తెలుగు ఇంటిలో ప్రధానసమయమంతా హిందీ నిండి ఉండేది. 1995లో ఈటీవీ, జెమినీ వంటి తెలుగు ఛానెళ్ళు వచ్చినప్పుడు జనులు సంతోషించినది అందుకే. ‘పాడుతా తీయగా’ అనే పాటల పోటీలో బాలసుబ్రహ్మణ్యముగారు పిల్లల ఉచ్చారణను దిద్దుతూ, పాట వెనుకనున్న కవిని, స్వరకర్తను పేరుపేరున స్మరిస్తూ నడిపిన తీరు, ఏ ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలోనైనా చూపదగినది. అది దూరదర్శన్ ఇచ్చినది కాదు. కొత్తకాలము ఇచ్చిన కానుక. ఆ మేలును మరచి పాతపెట్టెనే పొగడడము కృతఘ్నత అవుతుంది.

ఉమ్మడి ఉపమానము

అయితే నిజముగా పోయినదేమిటి?

ఉపాధ్యాయులకు ఈ సంగతి అనుభవములో ఉన్నది. పాఠము చెప్పేటప్పుడు తెలియనిదానిని తెలిసినదానితో పోల్చి చెప్పవలెను. ఉపమాలంకారపు ప్రాణమే అది. చంద్రుని చూడనివానికి చంద్రబింబముతో పోలిక ఏమి పనిచేస్తుంది? ఒకప్పుడు ఉపాధ్యాయుడు, నేపాళమాంత్రికునివంటి ఆశ అని ఒక్కమాట అంటే తరగతి అంతా నవ్వేది. సోమవారము ఉదయము ముందురోజు రామాయణ్‌లోని ఘట్టాన్ని ఎత్తుకొంటే, మొదటి బల్ల నుండి చివరి బల్ల వరకు అందరికీ అందేది. మోతుబరి కొడుకు, కూలివాని కూతురు ఆ ఒక్క విషయములో సమానులు. ఇద్దరూ చూచినది ఒకటే.

ఈనాడు తరగతిలో నలభైమంది ఉంటే నలభై తెరలు. ప్రతి పిల్లవానికి వాని అభిరుచిని కనిపెట్టి, వానికి కావలసినదే మరల మరల అందించే యంత్రము చేతిలోనే ఉన్నది. ఒకడు జపాను బొమ్మల కథలు చూస్తాడు, మరొకడు కొరియా ధారావాహికలు చూస్తాడు, వేరొకడు ఆటలాడేవారిని చూస్తూ కాలము గడుపుతాడు. వాటిలో మంచివి లేవని కాదు. మేలైనవి ఎన్నో ఉన్నవి. కాని ఒకడు చూచినది మరొకడు చూడలేదు. ఉపాధ్యాయుడు ఏ పోలిక తెచ్చినా ముగ్గురికి తెలుస్తుంది, ముప్ఫై ఏడుగురికి తెలియదు. ఉపమానము ఉమ్మడి ఆస్తి. ఆస్తి పంపకమైపోయినది.

పాత చిత్రాభిమాని బెంగలో సారమున్న భాగము ఇదేనని నా అభిప్రాయము. ఆ డేరా, ఆ ఇసుక, ఆ ఆంటెన్నా తిరిగి రావు; రావలసిన అవసరము కూడా లేదు. వాటివల్ల అప్రయత్నముగా కలిగిన ఆ ఉమ్మడితనాన్ని మాత్రము ఇక ప్రయత్నపూర్వకముగా కల్పించుకొనవలెను. తమ ఇంటి గోడలు దాటి పిల్లలు ఇంకా ఒక్కచోట చేరుతున్న స్థలము బడి ఒక్కటే.

కరగిపోతున్న చుట్టలు

అందించడానికి ముందు ఆ చిత్రాలు ఉండవలెను గదా! 1932 ఫిబ్రవరి 6న విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రతి ఈనాడు లభ్యము కాదు. 1931 నాటి తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ గతి కూడా అంతే. 1950ల ఆరంభము వరకు వాడిన నైట్రేటు ఫిల్ము అగ్గిపుల్లవలె అంటుకొనేది. తరువాత వచ్చిన అసిటేటు ఫిల్ము అంటుకొనదు గాని, వేడికి చెమ్మకు పులిసిపోయి, పెట్టె తెరవగానే పుల్లని వాసన కొట్టి, చివరకు ముడుచుకొనిపోతుంది. ఆట ముగిసిన ప్రతులను అందులోని వెండి కోసము కరగించి అమ్ముకొన్నవారు కూడా ఉన్నారు. వెండితెర అనే పేరు ఆ విధముగా కూడా సార్థకమైనది!

1964లో పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారము ఏర్పడినది. 2022లో దానిని జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో చేర్చినారు. 2003 జనవరిలో అక్కడ నైట్రేటు చుట్టలు దాచిన చోటనే అగ్నిప్రమాదము జరిగి అమూల్యమైన పాత చిత్రాలు భస్మమైనవి. అభిమానులకు కొంత ఊరట కలిగించిన సంగతులు కూడా లేకపోలేదు. 2010లో హైదరాబాదు సాంకేతికులు ‘మాయాబజార్’కు రంగులద్ది విడుదల చేయగా, దానిని ఎన్నడూ చూడని యువకులు టికెట్లు కొని చూచినారు. బార్ట్‌లే వెన్నెలకు రంగు అక్కరలేదని ఈ వ్యాసకర్త నమ్మకము. అయినా రంగు చూచి వచ్చినవాడు తరువాత నలుపు తెలుపుల మూలాన్ని వెదకితే ఆ రంగు సార్థకమే. 2024లో అక్కినేని నాగేశ్వరరావుగారి శతజయంతి సందర్భముగా ‘దేవదాసు’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ మొదలైన పది చిత్రాలను బాగుచేయించి దేశములోని అనేక నగరాలలో ప్రదర్శించినారు.

యూట్యూబులో అన్నీ ఉన్నవి గదా అనేవారు ఒకసారి ఆ ప్రతులను తేరిపార చూడవలెను. మసకబారిన బొమ్మ, గరగరలాడే ధ్వని, అంచులు తెగిన తెర, మధ్యలో ఎగిరిపోయిన సన్నివేశాలు ఎన్నో కనబడుతవి. తాళపత్రాలను చెదలు తింటున్నప్పుడు వాటికి నకళ్ళు వ్రాయించినవారి పుణ్యాన మనకు కావ్యాలు మిగిలినవి. చిత్రాలకు కూడా ఆ పుణ్యాత్ములు కావలెను. అయితే అడిగేవారు లేని కావ్యానికి నకలు వ్రాసేవారు ఉండరు. చూడగోరే పిల్లలు తయారైతేనే దాచే సంస్థలకు బలము చేకూరుతుంది.

తరగతి గదిలో ఒక చిత్రము

ఉపాధ్యాయ మిత్రులకు చిన్న మనవి. చాలా పాఠశాలలలో ఈనాడు పెద్ద తెర ఉన్నది. విద్యాసంవత్సరానికి మూడు చిత్రాలు చాలును. ఒక్కొక్కదానిని నాలుగైదు భాగాలుగా, వారానికి ఒక భాగము చొప్పున చూపండి. టూరింగు టాకీసులోవలె మధ్య మధ్య ఆపి, తరువాత ఏమి జరుగునో పిల్లలచేత చెప్పించండి. ‘మాలపిల్ల’ను సాంఘికశాస్త్రముతో కలిపి చూపితే, స్వాతంత్ర్యానికి తొమ్మిదేళ్ళ ముందు అస్పృశ్యతను గురించి తెలుగువారు తెర మీద ఏమి వాదించుకొన్నారో తెలుస్తుంది. ‘మల్లీశ్వరి’ చూపిన తరువాత, రాయలవారి వైభవము ఒక పేదపిల్ల కంటికి ఎట్లు కనబడినదో వ్రాయించండి. ‘మాయాబజార్’ చూపిన తరువాత పది కొత్త మాటలు పుట్టించి తెమ్మనండి. అర్థము మాత్రము వినగానే తెలియవలెనని షరతు పెట్టండి.

పాతది గనుక పూజించవలెనని మాత్రము చెప్పవద్దు. పిల్లలు నవ్వరాని చోట నవ్వితే కోపగించక, ఎందుకు నవ్వు వచ్చినదో అడగండి. విసుగు పుట్టిన చోటు చెప్పమనండి. అన్యాయమని తోచిన చోటు చూపమనండి. వారు ప్రేమించే కొత్త చిత్రమొకటి తెమ్మని, దానిని మీరు కూడా శ్రద్ధగా చూడండి. ఇచ్చిపుచ్చుకొనడము లేనిచోట ఉమ్మడి ఆస్తి పెరుగదు.

విద్యార్థులకు ఒక్క పని. ఇంటిలో అవ్వనో తాతనో కూర్చోబెట్టి, వారు మొదట చూచిన చిత్రమేదో, ఎక్కడ చూచినారో, ఎవరితో చూచినారో, ఏ పాట ఇంకా గుర్తున్నదో అడిగి వ్రాసికొనండి. అటక మీద పాటల పుస్తకము దొరికితే పారవేయనీయకండి. ఊరిలో టాకీసు ఎక్కడ ఉండేదో, ఆ స్థలములో ఇప్పుడేమున్నదో కనుగొనండి. ఆ వివరాలు చెప్పగలవారు ఏటికేడు తగ్గిపోతున్నారు. ఇది మీరు తప్ప మరెవరూ వ్రాయలేని చరిత్ర.

తలుపులు మూసి, దీపాలార్పి, నలభైమంది పిల్లలు ఒకే తెర వైపు చూస్తూ ఒక్కచోట ఫక్కున నవ్వితే, మరునాటి పాఠానికి ఉపాధ్యాయునికి ఒక ఉపమానము దొరికినట్లే. ఆ ఉపమానము మొదటి బల్లకూ చివరి బల్లకూ ఒకేసారి అందుతుంది.